ఓబులమ్మ చేను

పోయిన నెల కళ్యాణదుర్గం దాటి ఒక పల్లెకు షేర్ ఆటోలో పోతుంటే, దారి పక్కన ఒక వేరుశనగ కట్టె వామి మీద నా చేతి పని కనిపించింది. అబద్ధమెందుకు, ముందు కాస్త గర్వంగానే అనిపించింది. ఆటో ఆపించి దిగి చూశాను. ఎప్పటిదో ఫ్లెక్సు, ఎవరో నాయకుడి పుట్టినరోజుది. ఎన్నేళ్ళు అటక మీద దాచి ఇప్పుడు బయటికి తీశారో గానీ, ఎండకు ఎరుపంతా ఎగిరిపోయి నాయకుడు నీలంగా మిగిలాడు. తలకిందులుగా పరిచారు కాబట్టి ఆయన వెనక నేను పెట్టిన జలపాతం నేలలోంచి లేచి ఆకాశంలోకి ఎక్కుతోంది. ఆటో అతను కూడా దిగి నా పక్కన నిలబడ్డాడు. “ఏం మా, తెలిసినాయనా?” అన్నాడు. “తెలిసినాయన కాదప్పా, ఈ బొమ్మ చేసింది నేను,” అన్నాను. అతను నన్నోసారి, నాయకుణ్ణోసారి చూసి, “బాగుండాది మా. గట్టి సరుకు. మొన్న గాలికి పక్క వామి మీది పట్ట లేచిపోయింది, ఇది మాత్రం కదల్లేదు,” అన్నాడు. ఆటోలోని ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నేనూ నవ్వుకుంటూ ఎక్కి కూర్చున్నాను.

ఇప్పుడు నన్ను నీటిరంగుల చిత్రకారిణి అంటున్నారు. బొమ్మలు పెట్టిన చోటల్లా ఎవరో ఒకరు మైకు పట్టుకుని, మీరు ఈ దారిలోకి ఎట్లా వచ్చారమ్మా అని అడుగుతారు. చిన్నప్పటి నుంచీ ప్రకృతి అంటే ఇష్టమండీ అని చెప్పి తప్పించుకుంటాను. అది అబద్ధం కాదు గానీ, అందులో సగం కూడా లేదు. ఇష్టానికేం, మా జేజికీ, అంటే నాయనమ్మకూ, ఇష్టమే, ఆమె ఏ బొమ్మా వేయలేదు. నిజంగా చెప్పాలంటే ఆ జలపాతం దగ్గర మొదలుపెట్టాలి. దానికంటే ముందు మా ఇంటి మగ్గం దగ్గర.

మాది ధర్మవరం, పట్టుచీరలు నేసే ఇల్లు. ఇల్లంటే ముందుగదిలో మగ్గం, మిగిలిన జాగాలో మేము. మగ్గం కింద గుంత ఉంటుంది. అందులో కాళ్ళు దించుకుని నాయన తెల్లారకముందే కూర్చుంటే, నడుము దాకా మనిషి నేలలో, పైసగం మాకు కనబడేది. చిన్నప్పుడు నాయన ఎంత పొడుగో నాకు పండగపూట తప్ప తెలిసేది కాదు. ఆ గదికి ఒక వాసన ఉండేది: తడిమట్టి, పట్టు జిగురు, మగ్గానికి వేసే నూనె, జేజి నమిలే వక్కాకు, అన్నీ కలిసిన వాసన. కిటికీలు ఎప్పుడూ మూసే ఉండేవి. మా అనంతపురం గాలి మీకు తెలియంది కాదు, పొద్దున ఉతికి ఆరేసిన చీరను పది నిమిషాల్లో అప్పడం చేస్తుంది. ఆ గాలి తగిలితే పట్టుపోగు పెళుసెక్కి పుటుక్కున తెగుతుంది. అందుకని ఎండాకాలంలో నాయన గుంతలో నీళ్ళు చల్లేవాడు, పడుగు కింద తడి గోనెసంచులు పరిచేవాడు. మాకు తాగడానికి రెండు బిందెలు, మగ్గానికి ఒక బిందె. మగ్గం కూడా మా ఇంట్లో ఒక మనిషే.

నీళ్ళ దగ్గర జేజి పెట్టిన చట్టం వేరే. కుళాయి వచ్చినరోజు పండగ, రానిరోజులు లెక్కపెట్టకూడదు. బియ్యం కడిగిన నీళ్ళు కూరగాయలకు, కూరగాయలు కడిగిన నీళ్ళు గిన్నెలకు, గిన్నెలు కడిగిన నీళ్ళు పెరట్లో కరివేపాకు చెట్టుకు. మధ్యలో ఎవరైనా ఆ నీళ్ళను పారబోస్తే ఆ పూట వాళ్ళకు ఊరిబిండి పచ్చడి లేదు, ఉత్త సంగటే. ఆదివారాలు నన్ను వెంటబెట్టుకుని ఊరిబయట గుట్టకు పోయేది. తంగేడుపూలు, రేగుపళ్ళు, పొయ్యిలోకి పుల్లలు. దారిపొడుగునా పేర్లు చెప్పేది. అదిగో పాలపిట్ట, అది కౌజుపిట్ట, అది ఎగరదు, ఉరుకుతాది చూడు. ఈ బీడులో చూసేదానికి ఏముందని బంధువులు ఎగతాళి చేసేవాళ్ళు. నాకు మాత్రం ఒక్క ఎర్రమట్టిలోనే ఆరు ఎరుపులు కనిపించేవి. పొద్దున ఒకటి, మిట్టమధ్యాహ్నం ఒకటి, గొర్రెలమంద పోయాక లేచిన దుమ్ములో ఒకటి. ఇంటికొచ్చి వాటిని వేద్దామంటే ఉన్నది గళ్ళకాగితం.

ఆ గళ్ళకాగితం మీద చీర అంచుల డిజైన్లు గీస్తారు. ఒక గడి అంటే ఒక పోగు. మామిడిపిందె గీసినా, హంసను గీసినా గడి దాటకూడదు, సగం గడి అనేది లేదు. పదో తరగతికే నేను ఆ పనిలో ఆరితేరాను. ఒకసారి పాలపిట్టను గీసి చూపిస్తే నాయన కళ్ళజోడు సర్దుకుని, “రెక్క మూడు గడులు ఎక్కువుండాది పాపా, పోగు తేలిపోతాది,” అన్నాడు. బాగుందనో బాలేదనో అనలేదు. ఆయన నోటివెంట ఆ రెండు మాటలూ నేను ఎప్పుడూ విననేలేదు. తరువాత కంప్యూటర్ నేర్చుకున్నప్పుడు నాకేమీ కొత్తగా అనిపించలేదు. అక్కడా గడులే, కాకపోతే ఇంకా చిన్నవి.

అట్లా అనంతపురంలో మస్తానన్న ఫ్లెక్సుల అంగడిలో డిజైనర్‌గా చేరాను. రోజూ పొద్దున ధర్మవరం నుంచి ప్యాసింజర్ రైలు, స్టేషన్ బయట బొరుగుల ఉగ్గాని, బజ్జీ, తొమ్మిదికల్లా కంప్యూటర్ ముందు. పుట్టినరోజులు, పుష్పవతి ఫంక్షన్లు, అయ్యప్ప పూజలు, అంగడి ప్రారంభాలు, కన్నీటి నివాళులు. ఏదైనా సరే, వచ్చినవాళ్ళంతా చివర్లో ఒక్కటే చెప్పేవాళ్ళు: “వెనకాల పచ్చగా పెట్టు మా.” మస్తానన్న దగ్గర దానికోసం ఒక పెద్ద భాండాగారమే ఉండేది. మంచుకొండలు, పైన్ చెట్లు, సరస్సులో బాతులు, జలపాతాలు తొమ్మిది రకాలు. మడకశిర గొర్రెల సంఘం అధ్యక్షుడు మంచుకొండ ముందు గొంగడి కప్పుకుని దండం పెడుతుంటాడు. కణేకల్ నుంచి వచ్చిన పెళ్ళికొడుకు బాతుల మధ్య నవ్వుతుంటాడు. నాకు ఒళ్ళుమండేది. “అన్నా, ఇది మన జిల్లానా, ఇంకేదైనానా?” అని అడిగితే మస్తానన్న టీ ఊదుకుంటూ అనేవాడు: “నీదేం పోయె మా? బయట ఎట్లాగూ పడదు, ఫ్లెక్సులోనన్నా నాలుగు చినుకులు పడనీ.” మంచి మనిషి. మనిషితోపాటు జలపాతం ఉచితంగా ఇచ్చేవాడు.

ఆ రోజుల్లోనే నేను ఒక నీటిరంగుల పెట్టె కొన్నాను. పన్నెండు బిళ్ళలు, ఒక కుంచె. గడులు లేని కాగితం మీద నీళ్ళు తమంతట తాము పారడం చూస్తే నాకు ఒళ్ళు పులకరించేది. కానీ రావడం మాత్రం రాలేదు. నీటిరంగులో ఆకాశం వేయాలంటే కాగితం పైనుంచి కిందిదాకా తడి ఆరకుండా రంగును దింపుకుంటూ రావాలి. మా ఊళ్ళో రెండోగీత వేసేలోపు మొదటిగీత ఆరిపోయేది. ఆకాశమంతా చారలు. చొక్కాగుడ్డకు డిజైన్ వేశావా అని చెల్లెలు అడిగింది. జేజి బాధ వేరే. “తాగే నీళ్ళలో రంగు కలుపుతాండావా? కాలం చెడిపోయింది,” అని నెత్తికొట్టుకుని, ఆ రంగునీళ్ళను నా చేతుల్లోంచి లాక్కుని కరివేపాకు చెట్టుకు పోసేది. ఆ చెట్టు నా వల్ల ఎంత నీలం తాగిందో లెక్కలేదు. ఇంత చిన్న ఊళ్ళో, ఇంత పొడిగాలిలో ఇది మనకు అయ్యేపని కాదులే అని పెట్టె మూసేశాను. సరిగ్గా అప్పుడే ఓబులమ్మ వచ్చింది.

గురువారం మధ్యాహ్నం. అరవై దాటిన మనిషి, చెప్పులు గడప బయట విడిచి, కొడుకు శివన్న వెనకాల లోపలికి వచ్చి గోడవారగా నిలబడింది. భర్త పోయి నాలుగు రోజులు. వచ్చే బుధవారం దినాలు, దానికి ఫ్లెక్సు కావాలి. పాసుపుస్తకంలోంచి తీసిన బొటనవేలంత ఫోటో తెచ్చారు. తలపాగా, గరుకు గడ్డం, కెమెరాను నమ్మని చూపు. నేను ఆయన్ను కత్తిరించి పెద్దది చేసి, అలవాటుకొద్దీ వెనకాల పచ్చటి లోయ, పక్కన జలపాతం పెట్టి తెర ఆమెవైపు తిప్పాను. ఓబులమ్మ ముందుకు వంగి చాలాసేపు చూసింది. “మా ఆయప్ప నిలబడిండేది యాడమ్మా?” అంది. అదేదో విదేశమవ్వా అన్నాను. “కళ్యాణదుర్గం సంత దాటి పోయినోడు కాదు మా. అంతదూరంలో ఒక్కడే ఏం చేస్తాడు? ఎవుర్ని పలకరిస్తాడు?” అంది. మస్తానన్న నవ్వబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. “మా చేను పెట్టు మా,” అంది ఆమె.

శివన్న తల వంచుకునే విషయం చెప్పాడు. ఆ చేను సోలారు పలకల కంపెనీకి కౌలుకు ఇచ్చేశారట. సంతకం పెట్టింది తనే. ముసలాయన ఉన్నంతకాలం ఒప్పుకోలేదు, ఆయన మంచాన పడ్డాక తప్పలేదు. దినాలు కాగానే మరుసటి పొద్దున చేను అప్పజెప్పాలి, మిషన్లు వచ్చి గట్లు, గుండ్లు అన్నీ చదును చేస్తాయి. ఓబులమ్మ కొడుకును ఒక్కమాట కూడా అనలేదు. నా వైపే చూస్తూ, “ఆయప్ప ఎట్లాగూ పోయినాడు. ఇంగ చేనూ పోతాది. రెండూ కలిపి ఒక్కచోట ఉండేట్ల చేసిస్తే గోడకు పెట్టుకుంటా. నాకు చూసుకునేదానికి అదొక్కటే మిగిలేది,” అంది. బుధవారానికి ఇస్తానవ్వా అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో ఇప్పటికీ తెలియదు.

శుక్రవారం అంగడి కెమెరా తీసుకుని బస్సెక్కి వాళ్ళ పల్లెకు పోయాను. ఓబులమ్మ తనే వెంట వచ్చి చూపించింది. ఏటవాలు నేల, పైన నల్లటి రాతిగుండ్లు, రాళ్ళు పేర్చిన గట్టు, గట్టు మీద ఒక రేగుచెట్టు, దూరంగా వంగపండు రంగు కొండ. కళ్ళతో చూస్తుంటే కడుపు నిండిపోయింది. ఫోటోలు తీసి శనివారం తెర మీద పెడితే ఏముంది? కింద ఎరుపు, పైన తెలుపు. మస్తానన్న పక్కకు వచ్చి తల అటూ ఇటూ తిప్పి, “ఇందులో ఏముండాది మా? గోడకు సున్నం కొట్టే ముందు తీసినట్టుండాది,” అన్నాడు. ముసలాయన్ను దాని ముందు పెట్టి చూశాం. ఆయన గోడ దగ్గర నిలబడినట్టే ఉన్నాడు. దాన్నే ఓబులమ్మకు ఇస్తే ఏమీ అనేది కాదేమో. తీసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయేది. అది తలుచుకుని ఆ ఫోటోను తెర మీదినుంచి తీసేశాను.

ఆదివారం రంగులపెట్టె, నాలుగు మంచి కాగితాలు తీసుకుని మళ్ళీ పోయాను. చేనులోనే కూర్చుని వేద్దామని. ఓబులమ్మ తన ఇంట్లోంచి ఒక చెంబు నీళ్ళు తెచ్చి పక్కన పెట్టింది. ట్యాంకరు నీళ్ళు అవి, తాగేవి. వాటిలో కుంచె ముంచడానికి జేజి గొంతు చెవిలో మోగి చెయ్యి రాలేదు. “కానీ మా, నీళ్ళు ఉండేది వాడేదానికే కదా,” అని ఆమే అంది. ఇక నా అవస్థ చూడాలి. కొండ వేసేలోపు ఆకాశం ఆరింది. నేల సగం వేసేసరికి సుడిగాలి వచ్చి పిడికెడు దుమ్ము కాగితం మీద పోసింది. తడికి అతుక్కుపోయింది. “చూడు మా, మా మన్నే వచ్చి అంటుకుంటాండాది, నువ్వెందుకు కష్టపడేది,” అని ఓబులమ్మ అంటే ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మధ్యాహ్నానికి మూడు కాగితాలు పోయాయి. మూడింటిలోనూ చారలే. చేను కాదు, జంపఖానా. ఒక్క కాగితం, మూడు రోజులు మిగిలాయి. సాయంత్రం బస్సులో కిటికీ వైపు తిరిగి ధర్మవరం వచ్చేదాకా ఏడ్చాను.

ఇంటికొచ్చి ఆ మూడు కాగితాలు మగ్గం పక్కన పడేసి అన్నం వద్దన్నాను. నాయన గుంతలోంచి చెయ్యి చాచి ఒక కాగితం తీసుకుని దీపం కింద పెట్టి చూశాడు. వేలితో ఒక చారను నిమిరాడు. “గాలి తగిలింది,” అన్నాడు. అవును నాయనా, ఆరిపోతాండాది, నేనేం చేసేది అన్నాను. “పోగైనా, కాయితమైనా గాలి తగిలితే మాట వినదు పాపా. రేపు అమాసే కదా, మగ్గానికి సెలవు. గుంతలో కూర్చుని ఏసుకో.” మా నేతగాళ్ళ ఇళ్ళలో అమావాస్యనాడు మగ్గం ఆడించరు. కొబ్బరికాయ కొట్టి, దండం పెట్టి, ఆ రోజంతా దాన్ని పడుకోనిస్తారు. జేజి వంటింట్లోంచి విని దూసుకొచ్చింది. “అమాసపొద్దు గుంతలో దిగేది యాడన్నా ఉండాదా? మీ తాత ఏ పొద్దూ దిగలేదు,” అంది. నాయన తడుముకోకుండా, “నేసేదానికి దిగగూడదన్న్యారు గానీ, బొమ్మ ఏసేదానికి దిగగూడదని ఎవురన్న్యారమ్మా?” అన్నాడు. జేజి ఆలోచించింది. ఆమె పెద్దలు చెప్పిన నిషేధాల్లో ఎక్కడా బొమ్మల ఊసు లేదు. “ఏమో, మీ ఇష్టం. ఆ మగ్గానికి ఏమన్నా అయితే నన్ను అడగాకండి,” అని వక్కాకు పెట్టె తెరుచుకుంది.

మగ్గం మీద సగం నేసిన పెళ్ళిచీర ఉంది, మీగడరంగుది. దానిమీద ఒక్క ఎర్రచుక్క పడితే మా ఇంటి పరువు పోయినట్టే. నాయన సోమవారం పొద్దున్నే మగ్గానికి పూజ చేసి, చీరకు తన ఉతికిన పంచె రెండు మడతలు కప్పి, అంచులు పడుగు కిందికి దోపాడు. గుంతలో నీళ్ళు చల్లాడు. తడి గోనెసంచులు కిటికీలకూ తలుపుకూ వేలాడదీశాడు. నేను దిగాను. పుట్టి బుద్ధెరిగి ఆ గుంతలో కూర్చోవడం అదే మొదలు. కాళ్ళకు చల్లగా, మోకాళ్ళ దాకా చెమ్మ. నాయన ఎన్నేళ్ళుగానో కాళ్ళు ఆనించిన చోట నేల నున్నగా పడింది. నా పాదాలు అందులో చిన్నవైపోయాయి. ఒడిలో పలక పెట్టుకుని, కాగితం మీద నీళ్ళు పూసి, కుంచె ఆనించాను. రంగు పారింది. ఆగకుండా, చార పడకుండా, తనకు తోచినట్టు కొండ దాకా పోయి అక్కడ పలచబడింది. నేను ఎదురుచూశాను, ఆరలేదు. ఇంకో రంగు దించాను, రెండూ కలుసుకున్నాయి. అంత సంతోషం నాకు అంతకుముందు లేదు, తరువాత నా పెళ్ళిలో కూడా అంత లేదు, మా ఆయన ఇది చదవడు కాబట్టి చెప్పవచ్చు. నాయన పైన పీట వేసుకుని, చీర మీద కప్పిన పంచె అంచు పట్టుకుని, పొద్దు వాలేదాకా కావలి కూర్చున్నాడు. చివరికి నేను కుంచె కింద పెడితే ఒక్కమాట అన్నాడు: “ఇంగ ముట్టుకోవాకు.”

మంగళవారం పొద్దున ఆరిన బొమ్మను వెలుతురులోకి తెచ్చి చూశాను. నేల నల్లబడింది. గుడ్డివెలుగులో, ఆరితే లేతబడుతుందిలే అని ఎర్రమట్టి రంగును రెండుసార్లు చిక్కగా దించాను. ఆ చెమ్మలో అది అంతగా లేతబడనే లేదు. నేను చూసిన చేను ఇటుకపొడిలా పాలిపోయి ఉంది. కాగితం మీదిది ముదురు ఎరుపు, దాదాపు బెల్లపురంగు. గట్టు అదే, రేగుచెట్టు అదే, కొండ అదే, నేల మాత్రం వేరే. ఇంకో కాగితం లేదు, ఇంకో అమావాస్యా లేదు. మస్తానన్న దాన్ని స్కాన్ చేసి తెర మీదికి తెచ్చాడు. “బాగుండాది మా. నల్లగా ఉందంటావా, కంప్యూటర్లో కొంచెం వెలుగు పెంచు, సరిపోతాది,” అన్నాడు. పెంచాను. నేల లేతబడింది గానీ, కొండ పోయింది, గట్టు పోయింది, నీళ్ళు పారిన జాడంతా పోయింది. మళ్ళీ దించేశాను. అట్లాగే ప్రింటు తియ్యన్నా అన్నాను. ముసలాయన్ను రేగుచెట్టుకు కాస్త ఇవతల నిలబెట్టాం. జలపాతం పెట్టనందుకు మస్తానన్న కాస్త నొచ్చుకున్నట్టే కనిపించాడు.

ఇదంతా ఇప్పుడు చెప్పుకుంటే కథలా ఉంటుంది. ఆ తరువాత రెండేళ్ళకు అంగడి మానేశాను. మస్తానన్నే పొమ్మన్నాడు, నీ చెయ్యి మిషనుకు పనికిరాకుండా పోయింది మా అని. ఇప్పుడు నా గదిలో గాలికి చెమ్మ పట్టించే యంత్రం ఉంది, మీట నొక్కితే పొగలాగా నీళ్ళు చిమ్ముతుంది. కాగితం ఎక్కడో విదేశాల నుంచి ఇంటికే వస్తుంది. మా ఇంటి గుంతను పూడ్చేశారు, అక్కడ తమ్ముడి మరమగ్గాలు రెండు ఆడుతున్నాయి. నాయన, జేజి ఇద్దరూ పోయారు. ఓబులమ్మ చేను ఉన్న ఏటవాలంతా ఇప్పుడు నీలంగా మెరుస్తుంటుంది, దూరం నుంచి చూస్తే చెరువు నిండిందేమో అనిపిస్తుంది. పోయిన నెల ఆటోలో ఆ దారినే పోయాను. అక్కడ కౌలు డబ్బులతో పిల్లలు చదువుకుంటున్నారు, ఇళ్ళకు మిద్దెలు వచ్చాయి, ఎవరినీ తప్పుపట్టే హక్కు నాకు లేదు. రైలు దిగితే ఉగ్గాని రుచి మాత్రం అప్పటిలా లేదు. అది నా నోటి తప్పో, నూనె తప్పో చెప్పలేను.

మళ్ళీ ఆ బుధవారానికి వస్తే, ఫ్లెక్సు చుట్టను ఒళ్ళో పెట్టుకుని బస్సులో పోయాను. వాళ్ళ ఇంటి ముందు షామియానా, పొయ్యిల మీద పెద్ద డేగిసాలు, సాంబారు వాసన, వరసగా బెంచీలు. శివన్న, ఇంకో ఇద్దరు కలిసి దాన్ని విప్పి గోడకు కట్టారు. జనం చుట్టూ మూగారు. “అదిగో రేగుచెట్టు!” “ఆ పెద్దగుండు చూడప్పా, దాని మీదే కదా ఎప్పుడూ తలగుడ్డ పెడతాండె.” ఇంతలో పక్కచేను తిప్పన్న జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలదీశాడు. “ఏం మా, గట్టు ఇట్ల జరిపినావే? రెండు సాళ్ళు మా చేనులోకి వచ్చినాయి.” నేను బిత్తరపోయాను. “ఉండేది అంతే కదప్పా,” అని ఇంకొకాయన. “అంతే ఎట్లయితాది, రేగుచెట్టుకు ఈ పక్క మాది,” అని తిప్పన్న. బొమ్మ మీద వేలుపెట్టి కొలుచుకుంటూ ఇద్దరూ గొంతులు పెంచారు. రేపు మిషన్లు వస్తే ఉండని గట్టు గురించి ఆ రెండు సాళ్ళ కోసం అక్కడ కొట్టుకునేంత పనైంది. నాకు నవ్వు వస్తోంది, భయమూ వేస్తోంది. ఓబులమ్మ ఇంకా చూడలేదు.

ఆమె లోపలి నుంచి వచ్చేసరికి మాటలు సద్దుమణిగాయి. కొంగు తలమీదికి లాక్కుని, మెల్లగా నడిచి వచ్చి బొమ్మ ముందు నిలబడింది. ముందు భర్త ముఖం వైపు చూసింది. తరువాత ఆయన కాళ్ళ దగ్గర నేల వైపు చూసింది. చూస్తూనే ఉండిపోయింది. నేను ముందుకు జరిగి, అవ్వా, నేల కొంచెం నల్లగా వచ్చింది, తప్పు నాదే అనబోయాను. ఆమె వంగి, ఆ ముదురు ఎరుపు మీద అరచెయ్యి ఆనించింది. కాసేపు అట్లాగే ఉంచింది.

“పదునుండాది,” అంది.

వాన వెలిసిన మరుసటి పొద్దున, కాలికి అంటకుండా, విత్తనం మొలిచేంత తడి నేలలో ఉంటే దాన్ని మా రైతులు పదును అంటారు. మూడేళ్ళుగా ఆ చేనుకు అది లేదు. తిప్పన్న కూడా వంగి చూశాడు. “అవును పిన్నమ్మా. మంచి పదును,” అన్నాడు నెమ్మదిగా. గట్టు మాట మళ్ళీ ఎత్తలేదు.

“ఆయప్ప ఉండింటే ఈపొద్దే విత్తేదానికి గొర్రు కట్టుండేవాడు,” అంది ఓబులమ్మ.

శివన్న అక్కడే గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. పశువుల కొట్టంలోకి పోయాడు. వాసానికి వేలాడదీసిన గొర్రును దించి, భుజం మీద పెట్టుకుని తెచ్చి, అందరి ముందూ వాకిట్లో పెట్టాడు. తువ్వాలు తీసి దాని పళ్ళకు పట్టిన దుమ్ము ఒక్కొక్కటిగా తుడవడం మొదలుపెట్టాడు. తెల్లారితే చేను అప్పజెప్పాలని అతనికి తెలుసు, అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ వద్దనలేదు.